వెనక వైపు లేని కొలిమి

ముందుగా ఒక మాట. నా దస్తూరీ బాగుండదు. ఐదో తరగతి దాకానే చదివాను, అదీ మా ఊరి బడిలో. ఒత్తు పెట్టాల్సిన చోట పెట్టను, అక్కర్లేని చోట పెడతాను. మీ పత్రిక అచ్చువేసేవాళ్లు దిద్దుకోవాలి. విసుక్కుంటే విసుక్కోండి, నేనేమీ అనుకోను. నాలుగేళ్లు మా బావ దగ్గర పనిచేసినవాణ్ణి.

మా బావ పోయాడు. మా అక్క మొగుడు. మీతో పాటు ఉత్తరాదిన ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరై వచ్చి అద్దంకి వైపు మా అక్క ఊళ్లో ఉన్నాడు. పోయిన నెల ఒక పొద్దున మంచం మీద కూచుని కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే వెనక్కి ఒరిగాడంట. అక్క పక్కింటాయన మోటారు సైకిలు మీద వచ్చి చెప్పేసరికి నేను కొట్టు ముందు ఒక ధాన్యం డబ్బాకి అతుకు వేస్తున్నాను. అతుకు పూర్తిచేసి అప్పుడు లేచాను. ఆయన నన్ను వింతగా చూశాడు. సగంలో వదిలిన అతుకు మళ్లీ కూడదు. ఇదే మాట మా బావైనా అనేవాడు, కాకపోతే పదిమంది వినేట్టు అనేవాడు.

మీ రిటైరైనవాళ్ల సంఘం సెక్రటరీ గారు, మీ పత్రికలో వేయడానికి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపమని అక్కకి ఉత్తరం రాశారు. అక్క ఆ ఉత్తరం నా చేతిలో పెట్టింది. ఆయనకీ నాకూ ఏడేళ్లు మాటల్లేవు గదక్కా, నేనేం రాస్తానన్నాను.

"అందుకే నిన్ను రాయమంటున్నా. అనాల్సినవన్నీ నీ దగ్గరే మిగిలిపోయినై."

సరే, రాస్తున్నాను. మంచి మాటలే ఉంటాయని మాత్రం చెప్పలేను. పైగా నాకు మీతో ఒక పని ఉంది. మా బావ బొమ్మ రైలు ఒకటి పెట్టి, బల్ల మీద చిన్న ఉక్కు ఫ్యాక్టరీ కట్టించాడు. దాన్ని మా హైస్కూలుకి ఇస్తున్నాం. అందులో కొలిమికి, అదే మీ బ్లాస్ట్ ఫర్నేసుకి, వెనక వైపు లేదు. బడి తెరిచేలోగా దానికి వెనక వైపు పెట్టాలి. అది ఎందుకు లేదో చెబితేగాని నేను అడగబోయేది మీకు అర్థం కాదు.

ఆయన రిటైరై వచ్చింది తొంభైల చివర్లో. సామానుతో పాటు ఒక కొయ్యపెట్టె తెచ్చాడు. ఫ్యాక్టరీ కట్టించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరెవరో తన దేశం పోతూ ఇచ్చి పోయాడంట. అందులో ఒక రైలింజను, ఆరు పెట్టెలు, పట్టాలు, కరెంటు తగిలించే డబ్బా. పట్టాల మధ్య ఎడం అంగుళం కూడా లేదు. ముప్పై ఏళ్లు దాన్ని క్వార్టర్సులో మంచం కిందే ఉంచాడని అక్క చెప్పింది.

నాది రేకు పని. ఆ రోజుల దాకా నాకు తిండి పెట్టింది పొగాకు బ్యారన్లు. ఆకుని వేడితో ఆరబెట్టే ఆ గదుల్లో, వేడి పోవడానికి నేల మీద పరిచే రేకు గొట్టాలు చేసేవాణ్ణి. తర్వాత మా వైపు చాలామంది పొగాకు వేయడం మానేశారు. నేను ఖాళీగా ఉన్నాను. ఆ సంగతి తెలిసే మా బావ కొట్టు దగ్గరికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏరా డబ్బాలోడా, నీ గొట్టాలు కొనే మొనగాడు ఇంకా ఉన్నాడా? లేడుగా. అయితే రా, నీకు మగాడు చేసే పని చూపిస్తా."

నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. ఇంట్లో కూచుంటే ఏం తోచేది కాదు. వాళ్ల చేలో పాడుబడ్డ బ్యారన్ ఒకటి ఉంది, నాలుగు వైపులా పదహారు అడుగుల గది. దాంట్లో ఒకప్పుడు గొట్టాలు పరిచింది నేనే, పీకి పాత ఇనుము వాడికి తూకం వేసిందీ నేనే. అక్కడ గోడ పొడుగునా బల్ల వేయించాడు. బల్ల మీద ఫ్యాక్టరీ వస్తుందన్నాడు. ఇనుము తీసే ముడిరాయి వచ్చే లైను, బొగ్గు వచ్చే లైను, కరిగిన ఇనుము పోసుకుని పోయే బండ్లు, మధ్యలో కొలిమి. ఎనభై ఏడు అడుగులది ఇక్కడ అడుగవుతుంది. అడుగులతో అయితే నాకు కుదరలేదు. "మరి మనిషి ఎంతవుతాడు?" అని అడిగాను. లెక్కవేసి ముప్పాతిక అంగుళం అన్నాడు. నేను రేకులో ముప్పాతిక అంగుళం మనిషిని కత్తిరించి జేబులో వేసుకున్నాను. ఆ రోజు నుంచి నాకు టేపు అక్కర్లేదు. మెట్టు ఎంత ఎత్తు, తలుపు ఎంత, రెయిలింగు ఎంత, వాణ్ణి నిలబెట్టి చూసుకునేవాణ్ణి. మా బావకి అది నచ్చలేదు. పల్లెటూరి కొలత అన్నాడు. ఆయన స్కేలుతో కొలిచినా నా కొలత తప్పేది కాదు. అది ఇంకా నచ్చలేదు.

ఆయన తిట్టని రోజు లేదు. టంకం ఎక్కువ పోస్తే తిట్టు, తక్కువ పోస్తే తిట్టు. "రేకుకి సిగ్గుండదురా, ఎటు వంచితే అటు వంగుద్ది. వంచేవాడికి ఉండాలి" అనేవాడు. నేను ఎదురు మాట్లాడే రకం కాదు. పదిమందిలో నోరు పెగలదు, ఒక్కణ్ణి ఉన్నప్పుడు తోస్తాయి మాటలు. అందుకని చేతులతో కక్ష తీర్చుకునేవాణ్ణి. కొలిమి పక్కన గాలి వేడిచేసే గుండ్రటి బురుజుల్లాంటివి మూడు కావాలన్నాడు. పత్తి చేలగట్ల మీద పారేసిన పురుగుమందు డబ్బాలు తెచ్చి పెట్టాను. అల్యూమినియం, భుజాలు గుండ్రంగా ఉంటాయి, అచ్చం ఆయన గీసిన బొమ్మే. ఎన్నిసార్లు బూడిదతో తోమినా కంపు పోలేదు. ఆయన ముక్కుకి తువ్వాలు కట్టుకుని పనిచేయించాడు. బాగున్నాయని మాత్రం అన్లేదు. మార్చమనీ అన్లేదు.

ముడిరాయి దగ్గర పెద్ద గొడవైంది. మీకు తెలుసుగా, దాని రంగు ఎరుపు. మాది నల్లరేగడి. మీ ఫ్యాక్టరీ చుట్టుపక్కల మట్టే ఎర్రగా ఉంటుందంట, మా దగ్గర చెంచాడు ఎర్రమట్టి దొరకదు. సున్నపురాయి అడిగితే పిడుగురాళ్ల లారీ వాళ్లనడిగి గుప్పెడు పలుకులు తెచ్చాను. ముడిరాయికి ఇటుక దంచి పోశాను. ఇది ఇటుక అన్నాడు. జల్లించి పోశాను. జల్లించినా ఇటుకే అన్నాడు. మూడోసారి ఆరు పెట్టెల నిండా మంచి కారం పోసి వెళ్లి మూల కూచున్నాను. ఆయన వచ్చి, చూసి, వంగి, రంగు కుదిరిందిరా అన్నాడు. అదే మొదటిసారి ఆయన నా పని మెచ్చుకోవడం. మెచ్చుకుంటూనే ఉక్కపోస్తుందని ఫ్యాను వేశాడు.

ఇద్దరం బ్యారన్ బయటికి వచ్చి అరగంట సేపు తుమ్మాం. ఆయన కళ్లు మిరపపండ్లలా అయినై. అక్క చెంబుతో నీళ్లు తెచ్చి ముందు ఆయనకి పోసింది, తర్వాత నన్ను చూసి చెంబు కింద పెట్టి వెళ్లిపోయింది. రెండు రోజులు ఆయన బ్యారన్ గుమ్మం తొక్కలేదు. మూడో రోజు కారం మీద పల్చగా జిగురు నీళ్లు చల్లి, ఎండాక అదే ఉంచాడు. ఇప్పటికీ పెట్టెల్లో ఉంది అదే.

ఇంత రాశాక న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. కాయితం మీద గీత చదవడం నాకు నేర్పింది మా బావే. పైనుంచి చూస్తే ఎట్లా ఉంటుంది, పక్క నుంచి ఎట్లా ఉంటుంది, చుక్కల గీతంటే ఏంటి, అన్నీ తిట్లతోనే నేర్పాడు. తర్వాత గుంటూరు చుట్టూ మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలు లేచినప్పుడు, చల్లగాలి గొట్టాలకి బొమ్మ చూసి రేకు కోసేవాడు కావాల్సొచ్చింది. మా వైపు ఆ పని తెలిసిన ముసలాణ్ణి నేనొక్కణ్ణే. నా ముసలితనం ఎవరి మీదా పడకుండా గడుస్తుందంటే అదే కారణం. ఈ మాట ఆయన బతికుండగా చెప్పలేదు. చెబితే ఊరంతా చెప్పుకునేవాడు.

ఆ బొమ్మలు చదవడం వచ్చాకే అసలు గొడవ వచ్చింది.

కొలిమికి ఆయన గీసిచ్చిన బొమ్మలు రెండు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. పక్క నుంచి గీసింది కూడా సగమే. రెండో సగం ఎక్కడని అడిగాను.

"ఏ సగం?"

"కొలిమి వెనక, బావా. ఇటు గీశావు. అటేముంటుంది?"

"గోడకి ఆనించి పెడతాం. అటెవడు చూస్తాడు?"

"ఎవడు చూసినా చూడకపోయినా గొట్టం అటు తిరగాలి గదా. తిరిగి దేనికి తగులుకోవాలి?"

చెప్పింది చెయ్యమన్నాడు. నువ్వు బ్యారన్లలో పాకినోడివి, నేను ఫర్నేసు ముందు ముప్పై ఏళ్లు కాలినోణ్ణి అన్నాడు. ఊళ్లో అందరికీ ఆయన చెప్పింది అదే, కొలిమి మేస్త్రీనని. నేను ముందు సగం చేసి ఆపాను. గొట్టాలు వెనక్కి తిరిగిన చోట మూతలేకుండా వదిలేశాను. నా చేత్తో ఏ పనీ అట్లా వదల్లేదు. అది గుచ్చుకుంటూ ఉండేది. ఖాళీగా కూచుని ఆ బొమ్మలే చూసేవాణ్ణి. చూడగా చూడగా నాకు ఒకటి తట్టింది. పట్టాలు మార్చే లీవరు దగ్గర ఆయన ప్రతి బోల్టూ గీశాడు. బండికీ బండికీ తగిలించే కొక్కెం మూడు వైపుల నుంచి గీశాడు. కొలిమిలో కూడా కింద మనిషెత్తు దాకా రివెట్లతో సహా ఉంది. పైకి పోయేకొద్దీ గీతలు తగ్గిపోయినై. నా జేబులో రేకు మనిషిని తీసి పట్టాల పక్కన నిలబెట్టి, నేను వంగి వాడి తల పక్కన తల పెట్టి చూశాను. వాడికి కనపడేదంతా బొమ్మలో ఉంది. వాడికి కనపడనిది ఒక్కటీ లేదు.

అప్పుడు ఏమీ అన్లేదు. దాచుకున్నాను. అదే నేను చేసిన చెడ్డపని. అప్పుడే ఇద్దరం ఉండగా అడిగి ఉంటే ఇంత అయ్యేది కాదు.

పని పూర్తయ్యాక ఒక ఆదివారం ఊళ్లోవాళ్లని పిలిచాడు. కోతలైపోయి అందరూ తీరుబడిగా ఉన్నారు. బ్యారన్ పట్టలేదు, సగం మంది గుమ్మం బయట నిలబడ్డారు. రైలు తిరిగింది. కొలిమిలో ఎర్ర బల్బు వెలిగింది. ముసలాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. ఎవరో ఇది చేసిందెవరని అడిగారు.

"చేసింది నేను. రేకు కత్తిరించింది వీడు" అన్నాడు మా బావ, నా భుజం మీద చెయ్యేసి. "మా ఫ్యాక్టరీలో అయితే వీడికి గేటు దగ్గర చీపురు కూడా ఇచ్చేవాళ్లు కాదు."

అందరూ నవ్వారు. నా పిల్లల వయసు వాళ్లు కూడా.

నా నోరు పదిమందిలో పెగలదని చెప్పాను గదా. ఆ రోజు పెగిలింది.

"బావా, బల్ల ఒక్కసారి ఇవతలికి లాగు. కొలిమి వెనక ఏముందో వీళ్లకి చూపించు." ఆయన నా వైపు చూశాడు. నేను ఆగలేదు. "చూపించలేవు. నువ్వు అటు ఎప్పుడూ పోలేదు. ముప్పై ఏళ్లు పట్టాల పక్కన నిలబడి జెండా ఊపావు. ఇది జెండా ఊపినోడికి కనపడిన కొలిమి."

మళ్లీ నవ్వారు. ఇంతకుముందు నవ్వినవాళ్లే. మా బావ స్విచ్చి ఆపేశాడు. రైలు మలుపులో ఆగిపోయింది. కరెంటు కోత టైమైంది, ఇళ్లకి పోండని చెప్పాడు. ఆ రోజు కోత లేదు. అందరికీ తెలుసు.

అదే ఆయన గొంతు నేను దగ్గరగా వినడం ఆఖరు. తర్వాత ఏడేళ్లు పెళ్లిళ్లలో ఎదురైతే ఆయన తువ్వాలు దులుపుకునేవాడు, నేను చెప్పులు వెతుక్కునేవాణ్ణి. ఒకే బంతిలో కూర్చోబెడితే ఒకరం లేచిపోయేవాళ్లం. అక్కని ఒకసారి అడిగాను, ఆయన అక్కడ చేసిన పనేంటి, నీకు తెలియకుండా ఉండదుగా అని. అక్క చేటలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. తలెత్తలేదు.

"డ్యూటీకి పోయేవాడు, వచ్చేవాడు. ఒంటి నిండా మసి ఉండేది. నేను కడిగేదాన్ని. నీకింకేం కావాలి?"

అయితే ఒక సంగతి. ఏడాదికి ఒకటి రెండుసార్లు అక్క ఊరి బస్సు కండక్టరు ఒక టిఫిన్ డబ్బా ఇచ్చి పోయేవాడు. పై గిన్నెలో పచ్చడో పులుసో ఉండేది. కింది గిన్నెలో గుడ్డలో చుట్టి విరిగిన కొక్కెమో, ఊడిన చక్రమో ఉండేది. చీటీ ఉండేది కాదు. నేను బాగుచేసి అదే గిన్నెలో పెట్టి పంపేవాణ్ణి, నేనూ చీటీ పెట్టలేదు. ఒకసారి కావాలనే కొక్కెం తిరగేసి అతికి పంపాను. వారంలో తిరిగొచ్చింది. ఈసారి పై గిన్నె ఖాళీ.

అంటే ఒక్కడే తలుపేసుకుని రైలు నడుపుకునేవాడన్నమాట.

దినం అయ్యాక అక్క బ్యారన్ తాళం ఇచ్చింది. హైస్కూలు హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, పిల్లలకి పనికొస్తుంది, కొత్తగా కట్టిన గదిలో నడిమధ్యన పెట్టిస్తానన్నారు. గోడకి వద్దు, పిల్లలు చుట్టూ తిరిగి చూడాలి అన్నారు. పదిమంది ముందు లాగమని నేనడిగిన బల్లని ఇప్పుడు బడి మొత్తం ముందు లాగబోతున్నారు. ఆయన లేడు, మాట పడడానికి.

ఏదో ఒకటి కల్పించి అతికేయొచ్చు. రేకు ఉంది, చెయ్యి ఇంకా వణకడం లేదు. నాలుగు గొట్టాలు తిప్పి మెట్లు పెడితే మా మండలంలో తప్పని చెప్పేవాడు లేడు. రెండు రోజులు అదే అనుకుని రేకు కొలిచాను. కత్తెర పట్టుకున్నాక కుదరలేదు. మా బావ గొప్పలు చెప్పుకునేవాడు. నోటితో ఊరందరినీ నమ్మించాడు. నేను వెనక వైపు గీసివ్వమన్న రోజు ఏదో ఒకటి గీసిచ్చి ఉంటే నేనూ నమ్మేవాణ్ణి, గొడవే ఉండేది కాదు. గీయలేదు. నోటితో ఎన్ని చెప్పినా కాయితం మీద చూడనిది ఒక్క గీత గీయలేదు. ఆ సంగతి నాకు ఏడేళ్లూ తట్టలేదు. అట్లాంటి మనిషి కొలిమికి నేను అబద్ధపు రేకు వెయ్యను. ఆయన మీద కోపం తగ్గి కాదు. కోపం అట్లాగే ఉంది. ఆ చీపురు మాట ఇప్పటికీ మింగుడు పడదు.

నిన్న ఇద్దరు మనుషుల్ని పెట్టి బల్ల గోడ నుంచి జరిపించాను. వాళ్లని పంపేసి, బల్లకీ గోడకీ మధ్య నేల మీద కూచుని స్విచ్చి వేశాను. అటు నుంచి ఎప్పుడూ చూడలేదు నేను. మూతలేని గొట్టాలు, నేను వదిలేసిన టంకం మరకలు. రెండు స్తంభాల మధ్య బెత్తెడు సందు. ఆ సందులోంచి రైలు వస్తుందేమోనని చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి ఇంజను తళుక్కుమంది, వెనకే ఆరు పెట్టెలు, అంతే. కళ్లార్పితే పోయింది. వెనక పనిచేసిన మీకు మా బావ అంతసేపే కనపడి ఉంటాడు. బండ్లు కదిలించి, జెండా దించి, సందు దాటిపోయేవాడు. ఆయన ఎవరో కూడా కొందరికి తెలిసి ఉండదు. నేను ఇంకో మూడు చుట్లు తిప్పి చూశాను. నాకూ అంతకన్నా ఎక్కువ కనపడలేదు.

అందుకని అడుగుతున్నాను. మా బావ మీ దగ్గర ఏ పని చేశాడో నాకు రాయొద్దు. తెలిస్తే మీ దగ్గరే ఉంచుకోండి. కొలిమి వెనక ఏముంటుందో మాత్రం గీసి పంపండి. గొట్టం ఎటు తిరుగుతుంది, మెట్లు ఎటు ఎక్కుతాయి, నీడకి మీరు ఎక్కడ నిలబడేవాళ్లు. అంగుళాలు రాయకపోయినా పర్లేదు, పక్కన ఒక మనిషిని గీయండి, మిగతాది నేను కొలుచుకుంటాను. అటు తిరిగినవాళ్లే గీయండి. వాళ్లూ వీళ్లూ చెప్పింది వద్దు. బడి తెరవడానికి ఎన్నో రోజులు లేవు, ఈ ఉత్తరం అందగానే జవాబు రాయండి.